యంత్రాన్ని శృతి చేసే లెక్క: కృత్రిమ మేధ భయాల మధ్య ఒక్క ఉదాహరణ

కృత్రిమ మేధ అన్న మాట ఇప్పుడు ఉగాది సభల్లో కూడా వినిపిస్తోంది. ఇదివరకు మా సంఘానికి వచ్చే తల్లిదండ్రులు "అబ్బాయిని ఏ కాలేజీలో వేయమంటారు?" అని అడిగేవారు. ఇప్పుడు "ఎంత చదివినా రేపు ఉద్యోగం ఉంటుందంటారా?" అని అడుగుతున్నారు. దీనికి టీవీల్లో జవాబు చెప్పేవాళ్లకు కొదవ లేదు. సగంమంది లోకం తలకిందులైపోతుందంటారు, మిగతా సగంమంది ఏమీ కాదంటారు. ఈ రెండు కేకలూ పక్కన పెట్టి, ఒక్క యంత్రాన్నీ దాని దగ్గర వాడుతున్న ఒక్క పద్ధతినీ తీసుకుని, అక్కడ నిజంగా ఏం జరుగుతోందో చూద్దామని మేము అనుకున్నాం. ఆ యంత్రం కణ త్వరణ యంత్రం. ఆ పద్ధతి పేరు పరిణామ అల్గారిథమ్.

కణ త్వరణ యంత్రం అనగానే చాలామందికి జెనీవా దగ్గర సెర్న్‌లో ఉన్న 27 కిలోమీటర్ల సొరంగమే గుర్తొస్తుంది. కానీ మనం ఉంటున్న ఊళ్లకు దగ్గర్లోనూ ఇటువంటివి ఉన్నాయి. ముంబై కొలాబాలో టాటా సంస్థ ఆవరణలో 14 మెగావోల్టుల పెల్లెట్రాన్ ఉంది. భువనేశ్వర్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్‌లో 3 మెగావోల్టుల పెల్లెట్రాన్ ఉంది. కోల్‌కతా సైక్లోట్రాన్ 1977 నుంచి ఉన్నదే. ఇండోర్‌లో రాజా రామన్న కేంద్రంలోని ఇండస్-2 వలయం చుట్టుకొలత 172.5 మీటర్లు. అందులో ఎలక్ట్రాన్లు 250 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో తిరుగుతూ ఎక్స్-కిరణాలు వెదజల్లుతాయి. ఇంతెందుకు, క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ ఇచ్చే 'లినాక్' కూడా ఈ జాతిదే. మన ఇళ్లలో ఎవరో ఒకరు ఆ బల్ల మీద పడుకుని వచ్చినవారే.

ఈ యంత్రాలన్నింటిలో జరిగేది ఒకటే. కణాలను గాలి లేని గొట్టంలో విద్యుత్ క్షేత్రంతో తోస్తారు, అయస్కాంతాలతో దారి తిప్పుతారు, చెదిరిపోకుండా మరికొన్ని అయస్కాంతాలతో కూడదీస్తారు. ఇలా సాగే కణాల గుంపును పుంజం అంటారు. పుంజం తల వెంట్రుక కంటే సన్నగా ఉండాలి, గొట్టం గోడకు తగలకూడదు, గంటల తరబడి నిలవాలి. అయస్కాంతాలకు ఇచ్చే కరెంటు కాస్త అటూ ఇటూ అయితే పుంజం పాడవుతుంది. నియంత్రణ గదిలో ఆపరేటర్లు చేసే పనిలో పెద్ద భాగం ఈ సర్దుబాటే.

వీణ శృతి చేయడం చూసినవారికి ఈ కష్టం కొంత అర్థమవుతుంది. అయితే వీణకు ఒక తీగ సవరిస్తే పక్క తీగ పెద్దగా మారదు. ఇక్కడ ఒక అయస్కాంతం తిప్పితే దాని తర్వాతి అయస్కాంతాలన్నింటికీ లెక్క మారిపోతుంది. పైగా మీటలు ఏడు కాదు, వందల్లో ఉంటాయి.

ఇరవై మీటలే ఉన్నాయనుకుందాం. ఒక్కోదానికి పది స్థానాలే అనుకుందాం. మొత్తం అమరికలు 1 పక్కన 20 సున్నాలు. సెకనుకు ఒకటి చొప్పున పరీక్షిస్తూ పోతే 3 లక్షల కోట్ల సంవత్సరాలు పడుతుంది. విశ్వం వయసే 1,380 కోట్ల సంవత్సరాలంటున్నారు. కాబట్టి అన్నీ చూసి మంచిది ఏరుకోవడమన్నది కుదరని పని.

మరి ఆపరేటర్ ఏం చేస్తాడు? తెలిసిన అమరికతో మొదలుపెట్టి, ఒక్కో మీట కొంచెం తిప్పి, మెరుగైతే ఉంచుతాడు, లేకపోతే వెనక్కి తెస్తాడు. పొగమంచులో కొండ ఎక్కేవాడు పాదం కింద ఎత్తు పెరుగుతోందా లేదా అని చూసుకుంటూ పోయినట్టు. చివరికి ఒక శిఖరం చేరతాడు. అయితే అది చిన్న గుట్ట కావచ్చు. పక్కన అంతకు రెట్టింపు ఎత్తున్న కొండ ఉన్నా మంచులో కనబడదు. అక్కడికి పోవాలంటే ముందు కిందికి దిగాలి, దిగడం అతని పద్ధతిలో లేదు.

పరిణామ పద్ధతి ఇక్కడే వేరు. ఒక్క మనిషిని కాకుండా వందమందిని కొండల మీద చల్లుతుంది. ఎత్తులో ఉన్నవారిని ఉంచుతుంది, లోయలో ఉన్నవారిని తీసేస్తుంది. మిగిలినవారి లక్షణాలు కలిపి కొత్త వందమందిని పుట్టిస్తుంది. ఇది మన రైతులకు కొత్త సంగతి కాదు. ఒంగోలు గిత్త అలా తయారైందే. మూపురం, కాలి బలం, ఎండకు ఓర్పు చూసి మంచి ఆబోతును ఎంచుకోవడం, దాని సంతతిలో మళ్లీ మంచివాటిని ఎంచుకోవడం, తరాల తరబడి ఇదే పని. ఆ జాతి బ్రెజిల్ దాకా వెళ్లి 'నెలోర్' అన్న పేరుతో అక్కడి పశుసంపదకే ఆధారమైంది. ఎంచుకున్న రైతులకు జన్యువుల సంగతి తెలియదు. ఏది మేలో గుర్తుపట్టడం తెలిస్తే చాలింది.

కంప్యూటర్‌లో 'పశువు' అంటే అంకెల వరుస. మొదటి అయస్కాంతానికి ఇంత కరెంటు, రెండోదానికి ఇంత, అలా చివరిదాకా. రెండు మంచి వరుసలు తీసుకుని, ఒకదానిలో సగం, రెండోదానిలో సగం కలిపి కొత్త వరుస చేస్తారు. అక్కడక్కడ ఒక అంకెను యాదృచ్ఛికంగా కాస్త మారుస్తారు. ఈ మార్పు లేకపోతే గుంపంతా ఒకే గుట్ట మీద చేరి కూర్చుంటుంది.

దీని చరిత్ర సరదాగా ఉంటుంది. 1960ల్లో బెర్లిన్‌లో ఇంగో రెషెన్‌బెర్గ్ అనే ఇంజనీరు కొన్ని పలకలను మడతబందులతో కలిపి గాలి సొరంగంలో పెట్టాడు. గాలి నిరోధం తక్కువగా ఉండే ఆకారం ఏదో పలకలే కనుక్కోవాలి. మడతల కోణాలను యాదృచ్ఛికంగా మార్చడం, నిరోధం తగ్గితే ఉంచడం, లేకపోతే వదిలేయడం, ఇంతే విధానం. జిగ్‌జాగ్‌గా మొదలైన పలకలు మెల్లగా చదునైపోయాయి. చదునైనదే మేలని ఎవరైనా చెబుతారు, నిజమే. కానీ ఆ పద్ధతికి ఎవరూ చెప్పలేదు, దానంతటది చేరుకుంది. అమెరికాలో జాన్ హాలండ్ ఇదే దారిలో వేరుగా ఆలోచించి 1975లో పుస్తకం రాశాడు. 'జెనెటిక్ అల్గారిథమ్' అన్న పేరు ఆయన శిష్యబృందం ద్వారానే ప్రచారంలోకి వచ్చింది. అంటే ఈ పద్ధతికి ఇప్పుడు యాభై ఏళ్లు దాటాయి. నిన్న మొన్న పుట్టిన మాయ కాదు.

ఇక అసలు చిక్కు. కణ యంత్రంలో కోరిక ఒక్కటి కాదు. పుంజం సన్నగానూ ఉండాలి, ఎక్కువసేపూ నిలవాలి. కణాలను మరీ దగ్గరగా కుదిస్తే ఒకదాన్నొకటి గుద్దుకుని దారి తప్పుతాయి, పుంజం ఆయుష్షు తగ్గుతుంది. రెండూ ఒకేసారి దొరకవు.

సంఘం వార్షికోత్సవానికి హాలు వెతికే కమిటీకి ఈ బాధ బాగా తెలుసు. అద్దె తక్కువ ఉండాలి, సీట్లు ఎక్కువ ఉండాలి. ఒక హాలు 400 సీట్లు, 30 వేలు అనుకోండి. ఇంకొకటి 350 సీట్లు, 35 వేలు. రెండోదాన్ని చర్చ లేకుండా కొట్టేయవచ్చు, ఎందుకంటే మొదటిది రెండు విధాలా మేలు. మూడోది 600 సీట్లు, 50 వేలు. దీన్ని కొట్టేయలేం, అద్దె ఎక్కువైనా సీట్లూ ఎక్కువే. ఇలా కొట్టేయదగ్గవన్నీ కొట్టేస్తే చివరికి మిగిలే నాలుగైదు హాళ్ల జాబితాకే ఇటలీ ఆర్థికవేత్త పరెటో పేరు పెట్టారు. ఆ జాబితాలో ఏది కావాలో కమిటీ కూర్చుని తేల్చుకోవాలి. యంత్రం జాబితా ఇస్తుంది, తీర్మానం చేయదు.

ఈ వడపోతను పరిణామ పద్ధతిలో వేగంగా చేసే విధానాన్ని ఇచ్చింది మన దేశమే. ఐఐటీ కాన్పూర్‌లో ఆచార్యుడు కళ్యాణ్మయ్ దేబ్, ముగ్గురు సహ రచయితలతో కలిసి 2002లో ప్రచురించిన 'ఎన్‌ఎస్‌జీఏ-2' అనే పద్ధతి ఇది. ఆ రంగంలో ప్రపంచమంతటా అత్యధికంగా ఉటంకించే పత్రాల్లో అదొకటి. ప్రోగ్రాంను కూడా ఎవరైనా వాడుకునేలా ఉచితంగానే పెట్టారు. విదేశీ ప్రయోగశాలల వార్తలు వచ్చినప్పుడు ఈ సంగతి మన పత్రికల్లో కనబడకపోవడం మాకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

2005లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇవాన్ బజరోవ్, చార్లెస్ సింక్లెయిర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్లను పుట్టించి తోసే తొలి భాగానికి ఇరవైకి పైగా మీటల లెక్కను పరిణామ పద్ధతికి అప్పగించారు. కంప్యూటర్లలో యంత్రం నమూనాను వేలసార్లు నడిపించి, మనుషులు చేత్తో సర్దితే దొరకని అమరికలు సాధించారు. ఆ తర్వాత బర్క్లీలోనూ, షికాగో దగ్గర ఆర్గాన్‌లోనూ వలయాల రూపకల్పనకు ఇదే దారి పట్టారు. ఆర్గాన్‌లో 1.1 కిలోమీటర్ల పాత వలయాన్ని 2023 ఏప్రిల్‌లో ఆపి, పూర్తిగా పీకేసి, కొత్త అయస్కాంతాలు బిగించి, 2024 ఏప్రిల్‌లో మళ్లీ ఎలక్ట్రాన్లు నింపారు. ఎక్స్-కిరణాల ప్రకాశం గరిష్ఠంగా 500 రెట్లు పెరిగేలా వేసిన లెక్క అది. అంత సన్నని పుంజాన్ని నిలబెట్టే అయస్కాంత అమరికను ఎంచడంలో పరిణామ పద్ధతులకు పెద్ద పాత్ర ఉంది. మన ఇండోర్ శాస్త్రవేత్తలు కూడా నిల్వ వలయాల రూపకల్పనపై ఇలాంటి పద్ధతులతో పత్రాలు ప్రచురించారు.

ఇంతవరకూ చెప్పినది కాగితం మీద, అంటే కంప్యూటర్ నమూనా మీద. నడుస్తున్న యంత్రం మీద ఈ పద్ధతిని వదలడం వేరే కథ.

మొదటి చిక్కు కాలం. తరానికి వంద అమరికలు, వంద తరాలు అంటే పదివేల పరీక్షలు. ఒక్కోదానికి పది సెకన్లు పట్టినా దాదాపు 28 గంటలు. యంత్రం ముందు పరిశోధకులు తమ వంతు కోసం క్యూలో ఉంటారు. ఒక రోజు పోతే ఎవరో ఒకరి ప్రయోగం పోయినట్టే. రెండోది కొలతల్లో తడబాటు. ఒకే అమరికను రెండుసార్లు పరీక్షిస్తే రెండు అంకెలు వస్తాయి, అదృష్టం కొద్దీ బాగున్నదాన్ని పద్ధతి 'ఉత్తమ సంతానం' అని నెత్తిన పెట్టుకుంటుంది. అయినా అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వద్ద స్పియర్-3 వలయంలో నడుస్తున్న యంత్రం మీదే జన్యు పద్ధతిని ప్రయోగించి, 2014లో ఫలితాలు ప్రచురించారు. కుదురుతుందని తేలింది. కానీ పది, ఇరవై, యాభై ప్రయత్నాల్లోనే మంచి చోటుకు చేరే ఇతర పద్ధతులు, ముఖ్యంగా వెనకటి ప్రయత్నాల నుంచి తర్వాత ఎక్కడ వెతకాలో అంచనా వేసే బేయీసియన్ పద్ధతులు, రోజువారీ శృతికి ఎక్కువగా పనికొస్తున్నాయి. మా అంచనాలో పరిణామ పద్ధతి స్థానం రూపకల్పన బల్ల దగ్గరే స్థిరపడుతుంది. నియంత్రణ గదిలో అది అప్పుడప్పుడు వచ్చే అతిథిగా ఉంటుంది.

మూడో చిక్కు ప్రమాదం. సెర్న్ పెద్ద వలయంలో ఒక్కో పుంజంలో నిలవుండే శక్తి, రూపకల్పన ప్రకారం, 362 మెగాజౌళ్లు. అది తప్పు దారిలో పోతే యంత్రానికే రంధ్రం పడుతుంది. "యాదృచ్ఛికంగా మార్చి చూద్దాం" అనే పద్ధతికి అక్కడ తాళం చెవి ఇవ్వరు. ఏ మీట ఎంతవరకు తిరగవచ్చో హద్దులు ముందే గీస్తారు. హద్దు దాటితే ఎవరి మాటా వినకుండా పుంజాన్ని బయటికి తోసి ఆపేసే రక్షణ వ్యవస్థ వేరేగా ఉంటుంది.

నాలుగోది మాకు బాగా నచ్చిన చిక్కు. ఈ పద్ధతి అడిగినదే ఇస్తుంది, మనసులో ఉన్నది ఇవ్వదు. పుంజం సన్నబడాలి అని మాత్రమే అడిగితే, సగం కణాలను గొట్టం గోడకు పారబోసి, మిగిలిన సగాన్ని సన్నగా చూపించి "ఇదిగో" అంటుంది. కరెంటు పోకూడదని కూడా అడిగితే గాని దారికి రాదు. గుమాస్తాగా పనిచేసినవారికి ఇది వింతేమీ కాదు. పెండింగు ఫైళ్లు నెలాఖరుకు సగమవ్వాలని పైనుంచి ఉత్తర్వు వస్తే ఏం జరిగేదో మేము చూశాం. ఫైళ్లు పక్క సెక్షన్‌కు వెళ్లేవి, వచ్చే నెల ఒకటో తారీఖున తిరిగి వచ్చేవి. లెక్కలో మాత్రం సగమయ్యేవి.

ఈ మొత్తం వ్యవహారంలో డబ్బు మాటేమిటి? సెర్న్ ఏడాదికి వాడే విద్యుత్తు దాదాపు 130 కోట్ల యూనిట్లు. నెలకు 200 యూనిట్లు వాడే ఇళ్లు సుమారు 5 లక్షల 40 వేలు ఏడాదంతా నడిచే కరెంటు అది. 2022లో యూరప్‌లో ఇంధన సంక్షోభం వచ్చినప్పుడు సెర్న్ తన శీతాకాలపు విరామాన్ని రెండు వారాలు ముందుకు జరిపి నవంబరు 28నే యంత్రాలు ఆపింది. ఇలాంటి చోట శృతికి పట్టే సమయం ఒక గంట తగ్గినా అది లెక్కలోకి వస్తుంది. అందుకే అక్కడ యంత్రాల సర్దుబాటును వీలైనంత స్వయంచాలకం చేసే ప్రయత్నం సాగుతోంది. ఉదాహరణకు అయస్కాంతాలకు ఒక మొండి గుణం ఉంది. కరెంటు తీసేసినా పాత కరెంటు జాడ వాటిలో మిగిలిపోతుంది. ఆ జాడ చెరపడానికి ఊరికే కరెంటు ఎక్కించి దించే పని ఒకటుంది. జాడ ఎంతో ముందే అంచనా కట్టి సరిచేస్తే ఆ వృథా తగ్గుతుంది. సెర్న్ ప్రకటించిన కాలపట్టిక ప్రకారం పెద్ద వలయం 2026 జూలై ప్రాంతంలో దీర్ఘ విరామంలోకి వెళ్లి, బలపడి 2030లో తిరిగి మొదలవ్వాలి. అప్పటి నియంత్రణ గది ఇప్పటిలా ఉండదని చెప్పడానికి జోస్యం అక్కర్లేదు.

ఆపరేటర్ల ఉద్యోగాలు పోతాయా అన్నది అసలు ప్రశ్న. ఇంతవరకు కనబడుతున్నదాన్ని బట్టి గది ఖాళీ కాలేదు, గదిలో పని మారింది. ఏం అడగాలో, హద్దులెక్కడ గీయాలో, వచ్చిన జాబితాలో ఏది ఎంచాలో, ఏ అంకె అనుమానించదగ్గదో చెప్పగలిగేవారు కావాలి. మీట తిప్పడం మాత్రమే వచ్చినవారికి ముందుముందు ఇబ్బందే, అది దాచిపెట్టి లాభం లేదు. ఇంకో దిగులు కూడా ఉంది. ఏళ్ల తరబడి చేత్తో సర్దినవారికి యంత్రం 'చేయి తెలుస్తుంది'. షోలాపూర్‌లో మన పద్మశాలి పెద్దలు మగ్గం చప్పుడు విని ఎక్కడ పోగు తెగిందో చెప్పినట్టు. ఆ తరం రిటైరై, కొత్తవారు బటన్ నొక్కడమే నేర్చుకుంటే, పద్ధతి తప్పుదారి పట్టిన రోజున ఎవరు గుర్తిస్తారు? ప్రయోగశాలలు దీనికి పూర్తి జవాబు కనుక్కున్నట్టు మాకైతే అనిపించడం లేదు.

ఆసుపత్రి లినాక్ గురించి భయపడేవారికి ఒక మాట. సాధారణంగా రోగి బల్ల మీద ఉండగా ఏ పద్ధతీ వెతుకులాట చేయదు. ఏ దిక్కు నుంచి ఎంత కిరణం అన్న లెక్కను ముందుగానే కంప్యూటర్లో కట్టి, వైద్యుడు, వైద్య భౌతిక శాస్త్రవేత్త చూసి ఒప్పుకున్నాకే అమలు చేస్తారు. యంత్రాన్ని ప్రతి ఉదయం తనిఖీ చేస్తారు. 2019లో చెన్నైలో ప్రారంభమైన ప్రోటాన్ చికిత్సా కేంద్రంలోనూ అంతే. ఈ 'వైద్య భౌతిక శాస్త్రం' అన్న చదువు గురించి మన ఇళ్లలో చాలామందికి తెలియదు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి ఏం చేయాలో తోచని పిల్లలు దీన్ని గురించి కనుక్కోవడం మంచిది.

మన పిల్లల సంగతికి వస్తే, పరాయి రాష్ట్రాల్లో తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఒక పాత నొప్పి ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కాలేజీల్లో మనం స్థానికేతరులం. ఉన్నచోట భాషా మైనారిటీలం, మాతృభాష ధ్రువపత్రం కోసం కార్యాలయాల చుట్టూ తిరిగేవాళ్లం. అటూ కాక ఇటూ కాక పోయిన సీట్లు మా సంఘం పరిధిలోనే ఎన్నో. కేంద్ర విజ్ఞాన సంస్థల్లో ఈ స్థానికత పేచీ లేదు. బరంపురంలో మన తెలుగువాళ్ల వీధులకు అందుబాటులోనే 2016లో ఐసర్ వచ్చింది. భువనేశ్వర్ పక్కన జట్నీలో నైసర్ ఉంది. రెండింటికీ ప్రవేశం దేశవ్యాప్త పరీక్షతోనే. డిగ్రీ, ఇంజనీరింగ్ అయ్యాక ముంబైలోని బార్క్ శిక్షణ పాఠశాల 1957 నుంచి నడుస్తోంది, ఇండోర్‌లోనూ దాని శాఖ ఉంది. ముందు పరీక్ష మార్కులతో వడపోసి, తర్వాత ఇంటర్వ్యూతో ఎంపిక చేస్తారు. ఏ ఊరివాడివని అడగరు.

అయితే అందరినీ కంప్యూటర్ సైన్స్‌లోనే తోసే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. అల్గారిథమ్ నడిపే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతోంది. దొరకనిది, పుంజం ఎందుకు చెదిరిందో చెప్పగల భౌతిక శాస్త్రం. రెండూ తెలిసినవారికే ఈ ప్రయోగశాలల్లో విలువ. జీతం బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీలతో పోలిస్తే తక్కువే, ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పాలి. ఆడపిల్లను ఇండోర్ దాకా పంపాలా అని సందేహించే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. అదే అమ్మాయిని అమెరికా పంపడానికి మాత్రం అప్పు చేస్తున్నారు.

ఇండోర్ కేంద్రం ఇండస్-2 కంటే ఎంతో ప్రకాశవంతమైన కొత్త సింక్రోట్రాన్ ప్రతిపాదన మీద పని చేస్తోంది. అలాంటిది అనుమతి పొంది, కట్టి, నడిచేసరికి చాలా ఏళ్లు పడుతుంది. ఇప్పుడు ఎనిమిదో తరగతి చదివే పిల్లలు ఎమ్మెస్సీ పూర్తి చేసేందుకు ఇంకా పదేళ్లుంది. దాని అయస్కాంతాలను ఎవరు శృతి చేస్తారన్నది ఇంకా ఖాళీగా ఉన్న పోస్టే.